పురి వదలని గొలుసు

పోయిన ఆదివారం చేపల మార్కెట్లో రొయ్యలు అమ్మే ఆవిడ థర్మాకోల్ పెట్టె మూత తీసింది. ముఖానికి చల్లటి ఆవిరి తగిలింది, దాంతోపాటే ఐసూ ఉప్పూ నీచూ కలిసిన ఆ వాసన. పక్కన నిలబడ్డ వాళ్ళకి ఆ వాసనకి వేపుడు గుర్తొచ్చి ఉంటుంది. నాకు ల్యాబులో వాడే మిథనాల్ గుర్తొచ్చింది. రొయ్యలకీ మిథనాల్‌కీ ఏం చుట్టరికమని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక పూట పడుతుంది. అర కేజీ తూయించుకుంటూ అక్కడే, ఆ బురదలో నిలబడే, నాకు అప్పలనరసమ్మ మేడమ్ మీద మళ్ళీ కోపం వచ్చింది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. అయినా మా ఇద్దరి వాదన తెగలేదు.

ఆవిడ మా యూనివర్సిటీ రసాయన విభాగంలో రీడర్. విజయనగరం దగ్గర పల్లెలో వరి పండించే ఇంట్లో పుట్టి, ఆ ఇంటి నుంచి హైస్కూలు దాటిన మొదటి మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. నేత చీర కొంగు నడుముకి దోపుకుని, దాని మీద మోకాళ్ళ దాకా తెల్లకోటు తొడుక్కునేది. క్లాసులో ఇంగ్లిషు, ల్యాబులో మాత్రం తన ఊరి మాట. ఎవరొచ్చినా అంతే, ఢిల్లీ నుంచి వచ్చిన తెలుగు ప్రొఫెసర్ల ఎదుట కూడా మాట మార్చుకునేది కాదు. నేను తొంభైల చివర్లో ఆవిడ దగ్గర పరిశోధనకి చేరాను. మా నాన్న రాజమండ్రి వైపు నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చినవాడు. క్వార్టర్లలో మా గోదావరి మాటే అసలైన తెలుగు అనుకుంటూ పెరిగాను. మొదటి రోజు ఆవిడ "ఏటి సదివినావు?" అని అడగ్గానే నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను తీరిగ్గా చూసింది. "నవ్వుకో అమ్మా, నాకేటి నష్టం? నా మాట ఇని నవ్వినోళ్ళు శానామంది. నా పని సూసి నవ్వినోడు మాత్రం ఇంకా పుట్టలేదు. రేపటి నుంచి నీ పని కూడా అలాగుండాల."

మర్నాటి నుంచి నేను నవ్వలేదు. భయపడ్డానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

ఆ పనేమిటో చెప్పాలి. మన ఒంట్లోని ప్రొటీన్లన్నీ గొలుసులు. ఒక్కో లంకె ఒక అమైనో ఆమ్లం. ఆ గొలుసులు తమంతట తాము రకరకాలుగా ముడుచుకుంటేనే మనకి పనికొస్తాయి. చాలావాటిలో అది స్ప్రింగులా తిరిగిన మెలిక. అలాంటి చిన్న గొలుసుని మందుగా మింగితే కడుపులోని ఎంజైములు దాన్ని అన్నం మెతుకులా అరిగించేస్తాయి. లంకెలో ఒక కార్బన్ ఎక్కువ పెడితే ఎంజైములు దాన్ని గుర్తుపట్టలేవు. కానీ లంకె పొడవైతే గొలుసు వదులవుతుంది కదా, వదులు గొలుసు మెలి తిరుగుతుందా? తిరుగుతుందని అప్పటికే బయటి దేశాల్లో ఒకరిద్దరు చూపించారు. మేడమ్ ఇంకో అడుగు ముందుకేసింది. ఒకటి మామూలు లంకె, ఒకటి పొడుగు లంకె వంతులవారీగా పేర్చుకుంటూ పోతే, కేవలం ఎనిమిది లంకెల్లో నిలబడే మెలిక తయారవుతుందా అన్నది ఆవిడ ప్రశ్న. నా డాక్టరేట్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీద వేలాడింది.

ఇంగ్లిషులో దాన్ని హెలిక్స్ అంటారు. ఆవిడ పురి అనేది. టేబులు సొరుగులో యారాడ జాలరి దగ్గర తెచ్చుకున్న మూరెడు కొబ్బరితాడు ఉండేది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళ చేతా దాని పురి విప్పించేది. నేనూ విప్పాను. "ఇప్పుడు వదిలీ," అంది. వదలగానే తాడు చేతిలోనే గిర్రున తిరిగి మళ్ళీ చుట్టుకుంది.

"సూసినావా? పురి తాడు లోపలే ఉంది. మనం సేసే గొలుసు కూడా అలాగే ఉండాల. ఇప్పినా మళ్ళీ తనే తిరగాల."

అందుకని ఆవిడ ల్యాబులో ఒక పద్ధతి ఉండేది. ఏ గొలుసైనా పురి తిరిగిందని అనుమానం రాగానే సంబరపడకూడదు, దాన్ని చెడగొట్టడానికి కూర్చోవాలి. వేడి చేయాలి, పురిని విప్పే ద్రావకం చుక్క చుక్కగా కలపాలి, నెల రోజులు వదిలేసి మళ్ళీ చూడాలి. తయారుచేసిన మనిషే ఈ దెబ్బలన్నీ కొట్టాలి. "బయటోడు కొట్టేదాకా ఆగితే మనకి సిగ్గు," అనేది. నేను ఒక్కో లంకె తగిలించి, తగలకుండా ఏమైనా మిగిలిందేమో చూడటానికి నిన్‌హైడ్రిన్ అనే మందు చల్లేదాన్ని. మిగిలి ఉంటే ఊదారంగు తేలేది. ఆ ఊదారంగు నా వేళ్ళకి కూడా పట్టేది, వారం దాకా వదిలేది కాదు. మా అమ్మ కంచం పెట్టి, నా చెయ్యి చూసి, చెంచా తెచ్చి ఇచ్చేది. రెండేళ్ళకి ఎనిమిది లంకెలూ పూర్తయ్యాయి.

గొలుసు లోపల ఏ పరమాణువు దేనికి దగ్గరగా ఉందో చెప్పే పెద్ద ఎన్ఎమ్ఆర్ యంత్రం అప్పట్లో మా దగ్గర లేదు. ఇంకో నగరంలోని ఒక పెద్ద సంస్థలో ఉండేది. అక్కడి పెద్దాయన ఈ రంగంలో పేరున్న మనిషి. ఆయన పేరు నాకెందుకు, పెద్దాయన అనే అంటాను. గొలుసు పంపించాం. ఆరు వారాలకి ఫలితాల కట్ట వచ్చింది. దూరంగా ఉండాల్సిన లంకెలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, అంటే గొలుసు తిరిగింది! నేను ల్యాబులో గెంతినంత పని చేశాను. కట్ట అడుగున ఒక ఉత్తరం ఉంది. దీని మీద పరిశోధన పేపరు తామే రాస్తారట. తన విద్యార్థి పేరు మొదట, పని నడిపించిన గైడు ఉండే ఆఖరి చోట తన పేరు, మధ్యలో మేడమ్ పేరు. నాకు చివర్న కృతజ్ఞతల్లో చోటిస్తారట.

మేడమ్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. టైపు మిషను ముందుకి లాక్కుని రెండే రెండు వాక్యాల జవాబు కొట్టింది. పని చేసిన మనిషి పేరు మొదట ఉంటుంది, మీ యంత్రానికి కృతజ్ఞతలు చివర్లో చెబుతాం, అని. కవరు నా చేతికే ఇచ్చి పోస్టు చేసి రమ్మంది.

నాలుగు నెలలు తిరక్కుండా ఆయన నా పురోగతి చూసే కమిటీలో బయటి నిపుణుడిగా వచ్చి కూర్చున్నాడు. అలా ఎలా వచ్చాడో ఎవర్ని అడగాలో కూడా మాకు తెలియలేదు. నేను ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పారదర్శక షీటు పెట్టి, నా గొలుసు బొమ్మ తెర మీద చూపించాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, యంత్రంలో కనబడిన దగ్గరితనం ఒక్కటే రుజువు కాదన్నాడు. స్ఫటికం పెంచి ఎక్స్‌రే చిత్రం చూపించాలి, ఎనిమిది నెలల్లో చూపించలేకపోతే ఈ అంశం వదిలేసి మరొకటి మొదటి నుంచి మొదలుపెట్టాలి, అన్నాడు. కమిటీ తల ఊపింది. అంటే నా మూడేళ్ళూ గాలికి పోయినట్టే. తమ ఎక్స్‌రే యంత్రం మాత్రం ఇప్పట్లో ఖాళీ లేదని కూడా నవ్వుతూ చెప్పి వెళ్ళాడు.

ఇంట్లో విషయం విని మా నాన్న అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "పేరు ముందుంటే ఏంటి, వెనకుంటే ఏంటే అమ్మాయ్? ఆయనకి ఇచ్చేస్తే నీ డాక్టరేట్ నీకొచ్చేస్తుంది కదా. పెద్దోళ్ళతో మనకెందుకండీ అంటే ఆవిడ వినదా?" నాన్న పిరికివాడు కాదు. ప్లాంటులో కొలిమి దగ్గర నిలబడి పనిచేసిన మనిషి. కానీ కూతురి చదువు దగ్గరికొచ్చేసరికి భయపడ్డాడు, ఆ భయం నాకూ అంటుకుంది. మర్నాడు వెళ్ళి మేడమ్‌తో రాజీ పడదామన్నాను. నాకు పేరక్కర్లేదు, డిగ్రీ వస్తే చాలన్నాను.

ఆవిడ గాజుకుప్పె కడుగుతోంది. కడగడం ఆపలేదు. "నీ పేరు నువ్వు ఇచ్చీవచ్చు సుభద్రా, నాను అడ్డుకోలేను. మరి రేపు నీ దగ్గర ఎవులో ఒక ఆడగుంట రెండేళ్ళు సేతులు కాల్చుకుని ఏదో సేత్తాది. అప్పుడు దాని పేరు కూడా నువ్వే ఇచ్చీగలవు. అలవాటైపోద్ది. ఆలోసించుకో." కుప్పె బోర్లించి, చేతులు తుడుచుకుని, క్లాసుకి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ స్ఫటికమేదో చూపించేదాకా ఊరుకోకూడదనుకున్నాను. ఆయన మీద పంతమో, ఆవిడ మీద పంతమో ఇప్పటికీ తెలియదు.

స్ఫటికం పెంచడమంటే ఏమీ చేయకుండా ఉండటం. గొలుసుని మిథనాల్‌లో కరిగించి, చిన్న సీసాలో పోసి, మూతకి సూదితో బెజ్జం పెట్టి, కదలని చోట, వేడి మారని చోట ఉంచాలి. ద్రవం నెమ్మదిగా ఆవిరై పోతూ ఉంటే అడుగున స్ఫటికం కడుతుంది. మా ఊరి గాలికి ఆ నెమ్మది తెలియదు. సముద్రపు తేమ, మధ్యాహ్నం కరెంటు కోత, ఫ్రిజ్ ఆగడం, మళ్ళీ మొదలవ్వడం. మూడు నెలలకి నా పదహారు సీసాల్లోనూ గంజి మిగిలింది.

అప్పుడు మేడమ్ నన్ను చేపల రేవు పక్కన రొయ్యల కోల్డ్ స్టోరేజికి తీసుకెళ్ళింది. ఆ మిషన్లు చూసుకునే పోలయ్య ఆవిడ ఊరివాడు, అరవై దాటినవాడు. రొయ్యల పెట్టెలున్న పెద్ద గదికి ముందు ఒక చిన్న గది ఉంది. అక్కడ చలి గడ్డకట్టేంత కాదు, రోజంతా ఒకేలా ఉంటుంది. కరెంటు పోతే జనరేటర్ అందుకుంటుంది. రొయ్యలకి దొరికే మర్యాద మా రసాయన విభాగానికి దొరకదు మరి. పోలయ్య సీసాల వంక చూసి, "ఏటమ్మా ఇవి, మందా?" అన్నాడు. "మందే అవుద్ది బాబాయ్, ఎప్పటికో," అంది మేడమ్. ఆయన గోడవారన ఒక చెక్క బల్ల చూపించి, కింద పాత గోనె పరిచాడు.

వారానికోసారి నేను మా క్వార్టర్ల దగ్గర దువ్వాడలో ప్యాసింజర్ రైలెక్కి, సిటీ స్టేషన్లో దిగి, వన్ టౌన్ సందుల్లోంచి షేర్ ఆటోలో రేవుకి వెళ్ళేదాన్ని. వెళ్ళి ఒక్కో సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి చూసేదాన్ని. చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు. నాలుగో వారం పోలయ్య వెనక నిలబడి అంతా చూశాడు.

"ప్రతి వారం ఇలాగే కదిపేత్తన్నావా?"

"చూడాలి కదా."

"ఏటి సూత్తావు? కదిపితే ఏటి కడతాది? నీ కంటే నా రొయ్యిలు నయం, పెట్టింది పెట్టినట్టుంటాయి. పో, నెల్లాళ్ళు ఇటు రాకు. నాను కాపలా ఉంటాను."

మూడేళ్ళుగా పుస్తకాల్లో చదువుతూనే ఉన్నాను, స్ఫటికాల్ని కదపకూడదని. రొయ్యల మనిషి తిడితే గానీ తలకెక్కలేదు. కొత్త సీసాలు పెట్టి నెల పాటు వెళ్ళలేదు. ఆ నెల నేను ఇంట్లో అందరితోనూ పోట్లాడాను. నెల తరవాత వెళ్తే ఒకే ఒక్క సీసా అడుగున, సూదిమొన కంటే కాస్త పెద్దగా, అంచులు తీరిన మూడు ముక్కలు మెరుస్తున్నాయి. పోలయ్య వాటిని చూడ్డానికి కళ్ళు చికిలించి, "ఇంతేనా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

మద్రాసులో మేడమ్‌కి తెలిసిన కుర్ర లెక్చరర్ ఒకాయన ఎక్స్‌రే చిత్రం తీసి పంపించాడు. గడువు ఇంకా మూడు వారాలుంది. గొలుసు చక్కగా పురి తిరిగి ఉంది, ఎనిమిది లంకెలూ. వేడికీ ద్రావకానికీ లొంగని ఆ పురి ఇప్పుడు కంటికి కనబడుతోంది. మేడమ్ ఆ చిత్రాన్నీ, కమిటీకి నేనిచ్చిన నివేదికలోని బొమ్మనీ పక్కపక్కన పెట్టింది. ఆవిడ మొహంలో నవ్వు ఆగిపోయింది.

"సుభద్రా, ఇది ఎడమకి తిరిగింది. నువ్వు కుడికి గీసినావు."

మన ఒంట్లోని పురులు దాదాపు అన్నీ కుడికే తిరుగుతాయి. పుస్తకాల నిండా కుడివే. మేడమ్ తీగలతో కట్టిన నమూనా మాత్రం ఎడమదే, అది ఏడాదిగా ఆవిడ టేబులు మీదే ఉంది. దాన్ని చూసే నేను పారదర్శక షీటు మీద గీశాను. కమిటీ రోజున చెమటకి సిరా అంటుకుంటోందని షీటు బోర్లా తిప్పి పెట్టాను. బొమ్మ మీద అక్షరాలు లేవు, తిరగబడినట్టు ఎవరికీ తెలియలేదు. అదే బోర్లా షీటుకి జిరాక్సు తీసి నివేదికలో అతికించాను. అతికించి చూస్తే పుస్తకాల్లోలా కుడికి తిరిగి కనబడింది, నిక్షేపంలా ఉంది, కింద 'కుడి పురి' అని రాసేశాను. తెలివి ఎక్కడ తాకట్టు పెట్టానో దేవుడికే తెలియాలి.

పక్క ల్యాబువాళ్ళు మంచి సలహాలే ఇచ్చారు. పాత నివేదిక ఎవరు తీసి చూస్తారు, కొత్త బొమ్మ పెట్టేసి ఊరుకో, అన్నారు. పెద్దాయనకి మనంతట మనమే కర్ర అందించడం దేనికన్నారు. నేనూ అదే అన్నాను మేడమ్‌తో.

"దాని కింద నా సంతకం కూడా ఉంది," అంది ఆవిడ. "ఏడాది పాటు నమూనా నా కళ్ళ ముందే ఉంది, నానూ సూడలేదు. తప్పులో సగం నాది. మన గొలుసుని మనవే కొట్టాల అన్నాం కదేటి. మరి మనల్ని మనం వదిలేత్తామా? ముందు ఇదే సెప్పు. ఆ తరవాతే మిగతాది."

కమిటీ రోజు ఆయన ముందు వరసలోనే కూర్చున్నాడు. ఎక్స్‌రే చిత్రం తీయలేదు. పాత షీటే ప్రొజెక్టర్ మీద పెట్టాను, అప్పట్లాగే బోర్లా. తెర మీద కుడికి తిరిగిన పురి కనబడింది. "పోయినసారి ఇది చూపించాను. ఇది తప్పు," అన్నాను. షీటు అంచు పట్టుకుని అందరి ముందూ తిరగేశాను. పురి ఎడమకి మారింది. అప్పుడు దాని పక్కన ఎక్స్‌రే చిత్రం పెట్టాను. రెండూ ఒకటే.

ఆయన నెమ్మదిగా, ఇంగ్లిషులో, "అయితే పోయిన సంవత్సరం మీరు ఈ కమిటీకి చెప్పింది అబద్ధమన్నమాట," అన్నాడు.

నేను మేడమ్ వైపు చూశాను. ఆవిడ నావైపు చూడటం లేదు. చేతులు కట్టుకుని తెర వైపు చూస్తోంది.

"షీటు తిప్పి పెట్టింది నేను సార్," అన్నాను. "గొలుసు మాత్రం మొదటి నుంచీ ఎడమకే తిరుగుతోంది. మీ యంత్రం తీసిన ఫలితాలు కూడా అదే చెబుతున్నాయి. మళ్ళీ లెక్కేసి తెచ్చాను, చూస్తారా?"

ఆయన చూడక తప్పలేదు. కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. ప్రశ్నలు వేశాడు, గంటన్నర. వేడి చేశారా అన్నాడు, చేశాను. ద్రావకం కలిపారా అన్నాడు, కలిపాను. ఆయన వేసిన ప్రతి దెబ్బా అంతకు ముందే నా చేతుల్తో నేను కొట్టిందే. చివరికి పెన్ను అడిగి సంతకం పెట్టాడు. వెళ్ళేటప్పుడు మేడమ్‌కి నమస్కారం కూడా పెట్టలేదు. "పోనీ," అంది ఆవిడ, "సంతకం పెట్టినాడు గదా."

పేపరు వచ్చింది. మొదటి పేరు నాది, తరవాత మద్రాసు ఆయనది, చివర్న మేడమ్‌ది. చివరి వరసలో పెద్దాయన యంత్రానికీ, కోల్డ్ స్టోరేజి పోలయ్యకీ కృతజ్ఞతలు. ఆ రెండో పేరు తీసెయ్యమని పత్రిక సంపాదకుడు రాస్తే, మేడమ్ తీయలేదు.

అందరూ కథ ఇక్కడ ఆపేస్తే బాగుండునంటారు. నా కోపం ఇక్కడి నుంచే మొదలు. నేను డాక్టరేట్ పుచ్చుకుని మందుల కంపెనీలో చేరిన రెండేళ్ళకి మేడమ్ ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఉద్యోగంలో చేరాక మొదటి పేరు తనదిగా ఎన్ని పేపర్లున్నాయని అడిగారట. ఒక్కటీ లేదంది. ఇరవై ఏళ్ళలో ఆవిడ ప్రతి పేపరుకీ ముందు పేరు పని చేసిన విద్యార్థిదే. ఆ లెక్క ఆవిడకి తెలియక కాదు. పదవి ఇవ్వలేదు. రీడర్‌గానే రిటైరయింది. వార్త విని పరిగెత్తుకుంటూ వెళ్ళి, ఒక్క పేపరుకైనా మీ పేరు ముందు పెట్టుకోలేకపోయారా, నాదానికే పెట్టుకోవాల్సింది, నేను కాదంటానా, అని అరిచాను. ఏడ్చాను కూడా.

"ఎందుకే ఏడుత్తావు? నాను సేసిన పనికి నాను పేరెట్టుకున్నాను. నువ్వు సేసిన దానికి నువ్వెట్టుకున్నావు. వాళ్ళు ఇవ్వకపోతే వాళ్ళకి సిగ్గు. నాకేటి?" అని, టీ తాగుతావా అని అడిగింది. ఆవిడ గొంతులో ఎక్కడా బాధ లేదు. నాకు మాత్రం ఉంది, ఇప్పటికీ ఉంది. అంత మంచితనం అక్కర్లేదు మేడమ్ అని ఈ రోజుక్కూడా అనిపిస్తుంది. ఇదే మా ఇద్దరి మధ్య తెగని వాదన.

వాదనలో ఆవిడదే పైచేయి అవుతోందని ఈమధ్య అనుమానంగా ఉంది. మా కంపెనీలో ఒక కొత్త గొలుసుకి పేటెంటు అడుగుతున్నారు. దాని నమూనా గీసింది నేను, బల్ల దగ్గర నిలబడి తయారుచేసింది రత్నం అనే కెమిస్టు. పద్నాలుగు నెలల కష్టం. ఫారంలో రత్నం పేరు తీసేసి మా డైరెక్టర్ పేరు పెట్టమన్నారు. ఆయన ఆ ల్యాబులోకి ఒక్కసారి కూడా అడుగు పెట్టిన మనిషి కాదు. ఆ జట్టుకి పెద్దగా నేను సంతకం పెడితే చాలట, మిగతాది వాళ్ళు చూసుకుంటారట. రెండుసార్లు పిలిచి మంచిగా చెప్పారు. మూడోసారి, మీ ప్రమోషన్ కూడా ఈ ఏడే కదా, అన్నారు.

నిన్న కొత్త ఫారం తీసుకున్నాను. మొదటి గడిలో రత్నం పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. రెండో గడిలో నా పేరు. మూడో గడి కొట్టేశాను. కింద సంతకం పెట్టి, ప్యూన్ చేత పంపకుండా, నేనే తీసుకెళ్ళి డైరెక్టర్ గారి చేతిలో పెట్టాను. ఇదేమిటి అన్నారాయన. చేసినవాళ్ళ పేర్లండీ, అన్నాను.